ప్రశ్నలు – జవాబులు: విశ్రాంత జీవనమున పికప్ బండి

ఈ మారు వచ్చిన లేఖలలో నాలుగు ఒకే విషయమును గూర్చినవి. మూడు మనుబోలు ప్రాంతమునుండి, ఒకటి టెక్సాస్‌లో స్థిరపడిన ఆ ఊరివారినుండి అందినవి. ఒకరికి చెప్పిన సమాధానము మరొకరికి అక్కరకు వచ్చునని తలంచి నాలుగింటిని ఒక్కచోట చేర్చితిమి.

ప్రశ్న: ఉపాధ్యాయ వృత్తినుండి 62వ యేట విరమించినాను. ఏటికి మూడు నాలుగు మారులు మా దంపతులము చిన్న కారవాన్ ట్రైలరును వెంటబెట్టుకొని గండికోట, హార్స్‌లీ హిల్స్, పులికాటు తీరము చూచి రావలెనని కోరిక. ట్రైలరు సామానుతో కలిపి 1,000 కిలోలు దాటదు. తక్కిన దినములలో తోటలోని నిమ్మకాయల బస్తాలు గూడూరు మార్కెట్టుకు వేసికొని పోవలెను. ఐసుజు వి-క్రాస్ కొనుమందురా? టయోటా హైలక్స్ కొనుమందురా? బొలెరో క్యాంపరు చాలునా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, మనుబోలు

జవాబు: మాస్టారుగారూ, పికప్ బండి కొనదలచినవారు మొట్టమొదట అడుగు ప్రశ్న ‘ఎంత లాగును?’ అన్నది. అది మూడవ ప్రశ్న కావలెను. ఎంత మోయును, ఎంతలో ఆగును అన్నవి దానికి ముందు నడువవలెను; ఏలయన నేటి డీజిలు ఇంజనులలో 1,000 కిలోలను సమతల మార్గమున కదల్చలేనిది అరుదు గాని, ఆ బరువు వెనుకనుండి నెట్టుచుండగా వెంకటాచలము టోలుగేటు కడ హఠాత్తుగా ఆగవలసివచ్చినపుడు నిలువగలది, వెనుక చక్రములపై పడిన భారమునకు ముందు చక్రములు తేలిపోకుండ నడువగలది అంత సులభముగా దొరకదు.

మోత లెక్కను కాగితముమీద చేయుడు. ట్రైలరు బరువులో పదింట ఒక వంతు మొదలు నూటికి పదునైదు పాళ్లవరకు కొక్కెముపై నిలువుగా దిగవలెనన్నది అమెరికాలో వాహన నిపుణులు పాటించు నియమము. మీ ట్రైలరుకు అది 100 నుండి 150 కిలోలు. దానికి మీ దంపతుల బరువు 130, పనిముట్లు, నీళ్ల డబ్బాలు, పడకసామాను మరి 60 చేర్చిన యెడల మొత్తము 290 నుండి 340 కిలోలు అగును. ఇప్పుడు బండి ఆర్.సి.లో వ్రాసియున్న నిండు బరువునుండి ఖాళీ బరువును తీసివేయుడు. మిగిలినది ఈ మొత్తముకంటె తక్కువైనచో ఇంజనుకు ఎన్ని గుఱ్ఱముల శక్తి యున్నను ఆ బండి మీకు పనికిరాదు. విలాసముగా అమర్చిన సీట్లు, తలుపులు, తెరలు బండి సొంత బరువును పెంచి మోతకు మిగులు భాగమును తగ్గించును గనుక, పై శ్రేణి మోడలు కొన్నవారే ఈ లెక్కలో ఎక్కువగా చిక్కుపడుచుందురు.

కొక్కెముపై ఆ భారము అసలెందుకని మీకు సంశయము కలుగవచ్చును. ఎడ్లబండికి వడ్లబస్తాలు వెనుకకు ఎక్కువైనచో నొగ పైకి లేచి ఎద్దుల మెడపట్టెడలు బిగియుట, మరీ ముందుకైనచో కాడి మెడలను నొక్కుట మనుబోలు రైతునకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ట్రైలరు విషయమును అట్లే. వెనుక బరువైన ట్రైలరు 70 కిలోమీటర్ల వేగమున తోక ఊపనారంభించి, ఒకమారు ఊపు అందుకొన్న పిమ్మట ముందుబండిని సహితము రోడ్డుప్రక్కకు ఈడ్చును. కావున నీళ్లతొట్టిని, బ్యాటరీని, వంటసామానును ఇరుసుకు కొంచెము ముందుగా పెట్టించి, ప్రయాణమునకు ముందు రైసుమిల్లు కాటాపై ట్రైలరును, బండిని వేరువేరుగా తూచి చూచుకొనుడు.

ఇక మీరు పేర్కొన్న మూడు బండ్లు. క్యాంపరు ఇంజను సుమారు 75 గుఱ్ఱముల శక్తి, 200 న్యూటన్ మీటర్ల టార్కు గలది. నిమ్మకాయలకు మిక్కిలి యోగ్యము. మరమ్మతు ప్రతి ఊరిలోను జరుగును. అయితే 1,265 మీటర్ల యెత్తుననున్న హార్స్‌లీ హిల్స్ మలుపులలో ట్రైలరుతో అది మిమ్ములను, మీ వెనుక వచ్చువారిని విసిగించును. వి-క్రాసుకు 1.9 లీటర్ల ఇంజను, 163 గుఱ్ఱములు, 360 న్యూటన్ మీటర్లు. 2022లో మన దేశమునకు వచ్చిన హైలక్సుకు 2.8 లీటర్లు, 204 గుఱ్ఱములు. ఆటోమేటిక్ గేరు గలదానికి 500 న్యూటన్ మీటర్లు. హైలక్సు సామర్థ్యము నిస్సంశయముగా అధికము. కాని ఏటికి నాలుగు మారులు కలుగు అవసరమునకై తక్కిన దినములన్నిటను పెద్ద బండి ఖర్చును భరించుట యుక్తము కాదు. 1,000 కిలోల ట్రైలరుకు సొంత బ్రేకులున్న పక్షమున ఆటోమేటిక్ గేర్లు గల వి-క్రాసు మీకు చాలును. అది తయారగు కర్మాగారము 2016లో ఆరంభమైన శ్రీసిటీలోనిది. మీ ఊరికి దక్షిణముగా జాతీయ రహదారి 16 వెంట తడ దాకా పోయినచో దాని పొరుగే. పొరుగున తయారగుట కొనుటకు కారణము కాదు. సర్వీసు కేంద్రము మీకెంత దూరమున నున్నదో అది కారణము.

ఒక హెచ్చరిక. ఆస్ట్రేలియా ప్రకటనలలో వి-క్రాసుకు తోబుట్టువైన డీ-మ్యాక్స్ 3,500 కిలోలు లాగునని చదివి భ్రమపడకుడు. అది అక్కడ అమ్ము 3 లీటర్ల ఇంజను గల వేరు బండికి, బ్రేకులున్న ట్రైలరుకు చెప్పిన మాట. మన దేశపు మోడలుకు అనుమతించిన పరిమితిని డీలరుచేత కాగితముపై వ్రాయించుకొనుడు. నోటిమాట ప్రమాదమునాడు బీమా కంపెనీ చెవికెక్కదు. బ్రేకులు లేని ట్రైలరును ఐరోపా దేశములు 750 కిలోలవరకే రోడ్డెక్కనిచ్చును. ఆ నియమమును మనము పాటించినందువలన నష్టము లేదు.

ప్రశ్న: నాకు కారు లైసెన్సు ఉన్నది. వయస్సు 64. ట్రైలరు తగిలించి నడుపుటకు వేరే లైసెన్సు కావలెనా? ట్రైలరుకు రిజిస్ట్రేషను, బీమా అవసరమా? దానిని వెనుకకు నడుపుట ఎంత ప్రయత్నించినను చేతకాకున్నది.
— ఒక పాఠకుడు, గూడూరు

జవాబు: మోటారు వాహనముల చట్టము 1988 ప్రకారము ట్రైలరు తనంతట తానొక వాహనము. కారునకు వలెనే దానికిని రిజిస్ట్రేషను కావలెను. లాగు బండి సంఖ్యను ట్రైలరుపై, ఒకటికంటె ఎక్కువున్నచో చివరిదానిపై, ప్రదర్శింపవలెను. మూడవ పక్షపు బీమాలో ట్రైలరును చేర్పించుట మరువకుడు. మీ లైసెన్సు తేలికపాటి వాహనములకు, అనగా 7,500 కిలోలకు మించనివానికి, చెల్లును. ట్రాక్టరుకు ట్రైలరు తగిలించినంతమాత్రమున డ్రైవరు లైసెన్సు చెల్లకపోదని 2001లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పియున్నది. అయినను మీ బండి, ట్రైలరు పత్రములను మీ ప్రాంతపు రవాణా కార్యాలయమున చూపి ఒక మాట అడిగి తెలిసికొనుట మేలు. 55 ఏండ్లు దాటినవారికి లైసెన్సు ఐదేసి సంవత్సరములకే నవీకరింతురు. దానికి వైద్యుని ధ్రువపత్రము కావలెను. ఆ సందర్భమున కండ్ల పరీక్షను మొక్కుబడిగా గాక నిజముగా చేయించుకొనుడు. తెల్లబోర్డుతో రిజిస్టరైన బండిలో సొంత తోట కాయలు వేసికొనుట వేరు, ఇరుగుపొరుగువారి సరుకు కిరాయికి వేయుట వేరు. రెండవదాని జోలికి పోకుడు.

వెనుకకు నడుపుట అభ్యాసమువలన వచ్చు విద్య. కోత ముగిసిన కళ్లములో గాని, సెలవునాడు బడి మైదానమున గాని ఇటుకలు నాలుగు పేర్చి సాధన చేయుడు. స్టీరింగు చక్రమును అడుగుభాగమున ఒక చేతితో పట్టుకొనుడు. ట్రైలరు వెనుకభాగము ఏ ప్రక్కకు పోవలెనో ఆ ప్రక్కకే ఆ చేతిని జరుపుడు. ఎడమయా, కుడియా అన్న తికమక దానితో తొలగును. ట్రైలరు మడతపడుచున్నట్లు తోచిన తక్షణము ఆపి, ముందుకు నడిపి, సరిచేసికొని మరల ఆరంభింపుడు. బండి ఒక్కటే 5 మీటర్లకు పైబడినది గనుక, ట్రైలరుతో మనుబోలు లోపలి వీధులలోనికి పోయి తిరిగి రాలేక ఇబ్బందిపడుటకంటె రహదారి అంచున నిలుపుట ఉత్తమము.

ప్రశ్న: మాది మనుబోలే. డల్లాస్ ప్రాంతమున ముప్పది యేండ్లు ఉద్యోగము చేసి వచ్చే యేడు విరమింపబోవుచున్నాను. 6,000 పౌండ్ల ట్రావెల్ ట్రైలరును ఏడాదికి ఐదారు వారములు లాగవలెను. ఫోర్డ్ ఎఫ్-150 వంటి అర టన్ను బండి చాలునా, ముప్పావు టన్ను డీజిలు కొనవలెనా?
— టెక్సాస్ పాఠకుడు

జవాబు: మీ లెక్కయు మాస్టారుగారి లెక్కయు ఒక్కటే, ప్రమాణములు మాత్రము వేరు. డ్రైవరు తలుపు తెరచినచోట పసుపు అంచు గల కాగితముపై మనుషులు, సామాను కలిసి ఎంత బరువు మించరాదో వ్రాసియుండును. అది 1,500 పౌండ్లనుకొందము. మీ ట్రైలరు కొక్కెముపై దింపు భారము 600 నుండి 900 పౌండ్లు. మిగిలినది 600 నుండి 900. అందులో మీరు ఇద్దరు, మనుమలు ఇద్దరు, కుక్క, మంచుపెట్టె ఇముడునో లేదో చూచుకొనుడు. ప్రకటనలలో కనిపించు లాగుడు సంఖ్యను జె2807 అను ప్రమాణముననుసరించి కొలుచునపుడు ముందు సీట్లలో 150 పౌండ్ల వారిద్దరే కూర్చున్నట్లు భావింతురు. మీ కుటుంబము ఆ కొలతకు సరిపోవుననుకొనుటకు వీలు లేదు. దంపతులిద్దరే పోవునట్లైన భారమును ముందు చక్రములకు పంచు కొక్కెము, ట్రైలరు బ్రేకు కంట్రోలరు గల అర టన్ను బండి నిశ్చయముగా చాలును. పరివారముతో పోవలెనన్నచో ముప్పావు టన్ను బండివైపు మొగ్గుడు. అయితే అది ఖాళీగా నడచునపుడు నడుమును కుదుపునన్న సంగతి కొనకముందే తెలిసియుండవలెను.

ప్రశ్న: మా ఇంటాయనకు గ్రాట్యుటీ రూకలు చేతికందగానే పికప్ పిచ్చి పట్టింది. బండికి సగము, ట్రైలరుకు సగము అంటున్నారు. నాకు మోకాళ్ల నొప్పులు. ఎండాకాలములో ఆ రేకుడబ్బాలో పడుకోవడము నావల్ల కాదు. ఆయన మనసు నొప్పించకుండ ఎట్లా చెప్పాలి?
— ఒక సోదరి, మనుబోలు

జవాబు: అమ్మా, వారి కోరిక దోషము కాదు, మీ సంకోచము దోషము కాదు. ఆయనకు వద్దని చెప్పకుడు, లెక్క చూపుడు. రోహిణి కార్తెలో కరెంటు దొరకనిచోట ట్రైలరుకు చల్లదనము కలిగించుట కష్టసాధ్యము. కార్తిక మార్గశిరములలో మన తీరమున వానలు, తుపానులు. మిగులు నెలలలో మీరెన్ని రాత్రులు బయట గడుపుదురో ఇద్దరును కూర్చుండి నిజాయితీతో లెక్కవేయుడు. ఆ రాత్రులకు హార్స్‌లీ హిల్స్‌లోను గండికోటలోను పర్యాటక సంస్థ హరిత విడిదులు ఉన్నవి. వాటి అద్దెకును, ట్రైలరు కొనుగోలు, షెడ్డు, టైర్లు, బీమా ఖర్చులకును గల అంతరము కాగితముపై కన్పడినపుడు వాదము అనవసరమగును.

బండి సంగతి వేరు. తోటకది ఎట్లును ఉపయోగించును. షోరూములో ఆయన స్టీరింగు పట్టుకొనుటకు ముందు మీరు ప్రక్క సీటులోనికి ఐదుమారులు ఎక్కి దిగి చూడుడు. అడుగు మెట్టు, చేతిపిడి లేనిదే వద్దనుడు. వెనుక కమానుకట్టలు గల బండి ఖాళీగా పోవునపుడు కుదుపును గనుక, గతుకుల దారిలోను దానిని నడిపించి చూడవలెను. మరియొక సంగతి ఆయనకు చెప్పుడు: బి.ఎస్.6 డీజిలు బండిని ఇంటినుండి బజారుకు మాత్రమే త్రిప్పినచో పొగగొట్టములోని మసి వడపోత మూసికొనిపోవును. పది పదునైదు దినములకు ఒకమారైనను రహదారిపై అరగంటసేపు నిలకడ వేగముతో నడుపవలెను. మైపాడు సముద్రతీరమునకు పోయి వచ్చినపుడెల్ల బండి అడుగుభాగమును మంచినీటితో కడిగింపవలెను; లేనిచో ఉప్పుగాలికి చాసిస్ తుప్పుపట్టును.

కావున ఈ యేడు బండి మాత్రమే కొనుడు. అదియును గ్రాట్యుటీలో మూడవ వంతు మించకుండ. ట్రైలరు సంగతి వచ్చే సంక్రాంతి దాటినపిమ్మట, ఎక్కడనైన అద్దెకు దొరికిన కారవానులో ఇద్దరును రెండు రాత్రులు గడిపి వచ్చి నిర్ణయింపుడు. అప్పటికి మీ మోకాళ్ల మాట ఆయనయే చెప్పును.