మడ అడవి: నేల, నీరు, గాలి, జీవులు కలిసి ఎలా పని చేస్తాయి?

ఈ పాఠంలో మనం కోరంగి మడ అడవికి వెళ్దాం. కొన్ని కొత్త మాటలు నేర్చుకుందాం. చివర్లో ఒక చిన్న ప్రయోగం చేద్దాం.

మొదట ఆలోచించండి

మీ ఊళ్ళో గట్టిగా గాలి వీస్తే ఏమవుతుంది? చెట్లు ఊగుతాయి. నీళ్ళలో అలలు లేస్తాయి. దుమ్ము ఎగురుతుంది. పక్షులు గూళ్ళకు వెళ్ళిపోతాయి. ముందు కదిలింది గాలి ఒక్కటే. కానీ దానితో పాటు నీరు, నేల, జీవులు కూడా కదిలాయి కదా!

భూమిలో నాలుగు పెద్ద భాగాలు ఉన్నాయి:

• శిలావరణం: రాళ్ళు, మట్టి, ఇసుక
• జలావరణం: సముద్రాలు, నదులు, చెరువులు, మంచు
• వాతావరణం: మన చుట్టూ ఉన్న గాలి
• జీవావరణం: చెట్లు, జంతువులు, పురుగులు, మనం

ఈ నాలుగూ ఒకే చోట కలిసి పని చేయడం చూడాలంటే కోరంగి మంచి చోటు. అది ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడకు దక్షిణంగా, గోదావరి సముద్రంలో కలిసే చోట ఉంది.

1. మట్టి చేసే ప్రయాణం

గోదావరి మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుడుతుంది. అక్కడి నుంచి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది.

వానాకాలంలో సముద్రం మీది గాలి మేఘాలను మోసుకొస్తుంది. వాన కొండల మీద పడి మట్టిని కడుగుతుంది. ఆ మట్టి కలిసి గోదావరి నీళ్ళు ఎర్రగా మారతాయి. అక్కడి వాళ్ళు "ఎర్రనీరు వచ్చింది" అంటారు.

సముద్రం దగ్గరికి వచ్చేసరికి నది నెమ్మదిస్తుంది. నెమ్మదించిన నీరు మట్టిని మోయలేదు, అక్కడే దించేస్తుంది. అలా వేల ఏళ్ళుగా పేరుకున్న మట్టే గోదావరి డెల్టా. అంటే గాలి, నీరు కలిసి కొత్త నేలను తయారు చేశాయన్నమాట!

2. బురదలో బతికే చెట్టు

ఆ కొత్త నేల మీద పెరిగేవే మడచెట్లు. నల్లమడ, తెల్లమడ అని వాటిలో రకాలు ఉన్నాయి. వాటి బతుకు సులువు కాదు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి ఉప్పునీరు వాటి మొదళ్ళను ముంచుతుంది. బురదలో గాలి దాదాపు ఉండదు.

మరి చెట్టు ఊపిరి ఎలా పీల్చుకుంటుంది? వేర్లను బురదలోంచి పైకి పంపిస్తుంది. నేలలో పెన్సిళ్ళు గుచ్చినట్టు వందల వేర్లు పైకి నిలబడి ఉంటాయి. వీటిని శ్వాసవేర్లు అంటారు. మరి ఉప్పు సంగతి? ఎక్కువైన ఉప్పును ఈ చెట్లు ఆకుల మీదికి పంపేస్తాయి. ఆకును వేలితో రుద్దితే ఉప్పు తగులుతుంది.

రాలిన ఆకులను పీతలు తింటాయి. పీతలు బురదలో బొరియలు తవ్వుతాయి. ఆ బొరియల్లోంచి గాలి, నీరు లోపలికి వెళ్తాయి. దానివల్ల చెట్టుకు మేలు జరుగుతుంది. కుళ్ళిన ఆకులు రొయ్యపిల్లలకు, చేపపిల్లలకు తిండి అవుతాయి. ఆ చేపల కోసం కొంగలు, నీటికుక్కలు, బావురుపిల్లులు వస్తాయి. బావురుపిల్లి నీళ్ళలోకి దిగి చేపలు పట్టే అడవిపిల్లి. మత్స్యకారులు కూడా చేపలు, పీతల కోసం ఇక్కడికే వస్తారు.

3. తుఫాను వచ్చినప్పుడు

బంగాళాఖాతం నీరు బాగా వేడెక్కితే ఆవిరి పైకి లేస్తుంది. ఆ ఆవిరి చల్లబడి మేఘాలుగా మారేటప్పుడు వేడిని వదులుతుంది. ఆ వేడితో గాలికి ఇంకా బలం వస్తుంది. అది గుండ్రంగా తిరుగుతూ తుఫాను అవుతుంది.

ఒకప్పుడు కోరంగి పెద్ద ఓడరేవు. ఇక్కడి నుంచి చాలామంది తెలుగువాళ్ళు ఓడలెక్కి బర్మాకు, మారిషస్‌కు వెళ్ళారు. అందుకే అక్కడ తెలుగువాళ్ళను "కొరంగీలు" అని పిలిచేవారు. 1839 నవంబరులో వచ్చిన పెద్ద తుఫాను ఈ ఊరిని ధ్వంసం చేసింది. ఆ కాలంలో బంగాళాఖాతం తుఫానులను కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన పరిశీలించాడు. "సైక్లోన్" అనే మాటను తయారు చేసింది ఆయనే.

1996 నవంబరు 6న మరో పెద్ద తుఫాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఒక మనవరాలు ఫోనులో తాతయ్యను అడిగిన ప్రశ్న చూడండి:

మనవరాలు: తాతయ్యా, మడ అడవి తుఫానును ఆపేస్తుందా?
తాతయ్య: ఆపలేదమ్మా. అంత గాలిని ఎవరు ఆపగలరు? కానీ అలల జోరు తగ్గిస్తుంది. వేర్లకు, కొమ్మలకు తగిలీ తగిలీ అల బలం పోతుంది.
మనవరాలు: మరి అడవి లేకపోతే?
తాతయ్య: అదే జోరుతో ఊరి మీదికి వచ్చేస్తుంది తల్లీ.

4. ఒకటి మారితే అన్నీ మారతాయి

కొన్నేళ్ళ కింద గోదావరి డెల్టాలో రొయ్యల చెరువుల కోసం మడచెట్లను చాలాచోట్ల కొట్టేశారు. కానీ సముద్రపు రొయ్యపిల్లలు పెరిగేది మడ అడవిలోనే! అడవి తగ్గితే వలలో పడే రొయ్యలు, చేపలు కూడా తగ్గుతాయి.

నది మీద కట్టిన ఆనకట్టలు మనకు నీళ్ళు, కరెంటు, పంటలు ఇస్తాయి. కానీ అవి మట్టిని కూడా ఆపేస్తాయి. డెల్టాకు మట్టి తక్కువగా చేరితే సముద్రం కోసేసిన నేల మళ్ళీ నిండదు.

అయితే మంచి కబురు కూడా ఉంది. కోరంగిలో అడవి పాడైన చోట అటవీశాఖ వాళ్ళు, ఊళ్ళవాళ్ళు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. ఆ కాలువల్లోకి పోటు నీరు మళ్ళీ వచ్చింది. వాటి పక్కన మడమొక్కలు నాటారు. ఎండిపోయిన నేల మళ్ళీ పచ్చబడింది.

కొత్త మాటలు

పోటు: సముద్రపు నీరు ఒడ్డు వైపు పొంగడం
డెల్టా: నది తెచ్చిన మట్టితో ఏర్పడిన నేల
బొరియ: పీతలు, ఎలుకలు నేలలో చేసుకునే కన్నం
జోరు: వేగం, బలం
మత్స్యకారులు: చేపలు పట్టి బతికేవాళ్ళు

చేసి చూద్దాం

రెండు పళ్ళాలు తీసుకోండి. రెండిట్లోనూ ఒక చివర తడి ఇసుకతో గట్టు కట్టండి. ఒక పళ్ళెంలో గట్టు ముందు ఇసుక పరిచి, పుల్లలు దగ్గర దగ్గరగా గుచ్చండి. ఇదే మీ మడ అడవి! రెండు పళ్ళాల్లోనూ నీళ్ళు పోసి, అట్టముక్కతో పదిసార్లు అలలు చేయండి. ఏ గట్టు ముందు కూలింది? ఎందుకు? రెండు వాక్యాలు రాయండి.

ప్రశ్నలు

1. గోదావరి నీళ్ళు వానాకాలంలో ఎందుకు ఎర్రగా మారతాయి?
2. మడచెట్టు వేర్లు పైకి ఎందుకు వస్తాయి?
3. పీత చెట్టుకు ఎలా సాయం చేస్తుంది?
4. ఖాళీలు పూరించండి: తుఫానుకు బలం ఇచ్చేది ______ నీటి ఆవిరి. అలల జోరు తగ్గించేది ______ అడవి.
5. మీరు ఉండే దేశంలో నేల, నీరు, గాలి, జీవులు కలిసి పని చేసే ఒక చోటు గురించి ఐదు వాక్యాలు రాయండి.

ఇంట్లో అడగండి

అమ్మమ్మనో, తాతయ్యనో, నాన్ననో అడగండి: "మీరు చూసిన పెద్ద తుఫాను ఏది? ఆ రోజు ఎక్కడ తలదాచుకున్నారు? మర్నాడు బయటికి వస్తే ఏం కనిపించింది?" వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకుని, వచ్చే తరగతిలో అందరికీ చదివి వినిపించండి.