ముందు నలభై పాయింట్లు

2017లో ఎఫ్‌సీ బాసెల్ జట్టు స్విట్జర్లాండ్ ఫుట్‌బాల్ లీగ్ టైటిల్‌తో పాటు స్విస్ కప్ కూడా గెలిచింది. అంతకు ముందు ఏడాది లీగ్ విజేత కూడా ఆ జట్టే. రెండేళ్లలో మూడు ట్రోఫీలు తెచ్చిన కోచ్ ఉర్స్ ఫిషర్‌ను మాత్రం క్లబ్ కొనసాగించలేదు. యాజమాన్యం చేతులు మారింది, కొత్తగా వచ్చినవాళ్లు తమకు నచ్చిన కోచ్‌ను ఎంచుకున్నారు.

బాగా పనిచేసి కూడా పక్కకు జరగాల్సి రావడం ఎవరికైనా మింగుడుపడదు. ఏడాది విరామం తర్వాత 2018 వేసవిలో ఫిషర్ జర్మనీలో రెండో డివిజన్ ఆడుతున్న యూనియన్ బెర్లిన్‌కు కోచ్‌గా వెళ్లారు. హోదా పరంగా చూస్తే అది మెట్టు దిగడమే. ఛాంపియన్‌గా నిలిచిన కోచ్, జర్మనీ అగ్రశ్రేణి లీగ్ అయిన బుండెస్‌లిగా గడప ఒక్కసారి కూడా తొక్కని జట్టు బాధ్యత తీసుకున్నారు.

ఆయన గతం తెలిసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. 1966లో లూసర్న్ ప్రాంతంలోని ట్రీంగెన్‌లో పుట్టిన ఫిషర్ ఆటగాడిగా పెద్ద తార కాదు. డిఫెండర్. గోల్ కొట్టినవాడి పేరు మర్నాడు పత్రికల్లో వస్తుంది, గోల్ పడకుండా ఆపినవాడి పేరు అరుదుగా వస్తుంది. జ్యూరిక్, సెయింట్ గాలెన్ క్లబ్బుల తరఫున 1984 నుంచి 2003 దాకా ఆడారు. స్విస్ అగ్రశ్రేణి లీగ్‌లో 500కు పైగా మ్యాచ్‌లు ఆడితే, దేశం తరఫున దక్కినవి నాలుగే. బూట్లు విప్పాక నేరుగా పెద్ద జట్టు పగ్గాలేమీ చేతికి రాలేదు. జ్యూరిక్ క్లబ్‌లోనే కుర్రాళ్లకు శిక్షణ ఇస్తూ ఏళ్లు గడిపారు. 2010లో సీనియర్ జట్టు అందింది. ఆ మరుసటి సీజన్‌లో ఒకే ఒక్క పాయింటు తేడాతో టైటిల్ బాసెల్‌కు పోయింది. 2012లో ఉద్యోగమూ పోయింది. తర్వాత థున్ అనే చిన్న క్లబ్‌ను తీసుకుని యూరోపా లీగ్ గ్రూప్ దశ దాకా నడిపారు. 2015లో బాసెల్‌కు వచ్చినప్పుడు, ప్రత్యర్థి జ్యూరిక్ మనిషి మనకెందుకని అక్కడి అభిమానులు మొహం చిట్లించారు. వాళ్లకు జవాబు ట్రోఫీలతోనే ఇచ్చారు.

యూనియన్ తూర్పు బెర్లిన్ క్లబ్. దాని స్టేడియంలో పట్టేది సుమారు 22 వేల మంది, అందులో ఎక్కువమంది నిలబడే ఆట చూస్తారు. ఆ స్టేడియం మరమ్మతుల్లో అభిమానులే స్వచ్ఛందంగా కూలి పని చేశారు. ఖరీదైన ఆటగాళ్లను కొనే స్తోమత లేదు. ఫిషర్ లేనిదాని గురించి బెంగపెట్టుకోలేదు, ఉన్నదానికి పదును పెట్టారు. బంతి ప్రత్యర్థి దగ్గరే ఎక్కువసేపు ఉన్నా కంగారు పడకుండా వరుస కట్టి నిలబడటం, కార్నర్ కిక్‌లను, ఫ్రీ కిక్‌లను గోల్స్‌గా మలచుకోవడం జట్టు బలమయ్యాయి.

తొలి సీజన్ చివర బుండెస్‌లిగాలో చోటు కోసం స్టుట్‌గార్ట్‌తో రెండు మ్యాచ్‌ల పోరు. స్టుట్‌గార్ట్‌లో జరిగిన మొదటిది 2-2తో డ్రా. 2019 మే 27న బెర్లిన్‌లో రెండో మ్యాచ్ మొదలైన కాసేపటికే స్టుట్‌గార్ట్ ఫ్రీ కిక్ నేరుగా వలలో పడింది. వీడియో పరిశీలించిన రిఫరీ ఆఫ్‌సైడ్‌గా తేల్చి ఆ గోల్‌ను కొట్టేశారు. ఆ తర్వాత ఆట ముగిసేదాకా యూనియన్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. 0-0. ప్రత్యర్థి మైదానంలో కొట్టిన రెండు గోల్స్ లెక్కలోకి వచ్చి, యూనియన్ తన చరిత్రలో మొదటిసారి బుండెస్‌లిగాలోకి అడుగుపెట్టింది.

అక్కడ తొలి మ్యాచ్‌లోనే లీప్‌జిగ్ చేతిలో 0-4తో చిత్తయ్యారు. రెండు వారాల్లోపే డోర్ట్‌మండ్‌ను 3-1తో ఓడించారు.

వ్యక్తిత్వ వికాసం కోరుకునేవారు నేర్చుకోవాల్సిన పాఠం ఈ దశలోనే ఉంది. 34 మ్యాచ్‌ల బుండెస్‌లిగాలో 40 పాయింట్లు వస్తే కింది డివిజన్‌కు జారిపోమన్నది అందరూ నమ్మే లెక్క. యూనియన్ పెట్టుకున్న లక్ష్యమూ అదే. మొదటి ఏడాది 41 పాయింట్లతో 11వ స్థానం. తర్వాత 50 పాయింట్లతో 7, 57తో 5, 62తో 4. ఏడాదికేడాది పైకి వెళ్తున్నా, పట్టికలో మొదటి స్థానంలో ఉన్న వారాల్లో కూడా, ముందు 40 పాయింట్లు అన్న మాట మారలేదు. అది పిరికితనం కాదు. పునాది లెక్క తేలితే తర్వాతి మ్యాచ్‌కు ధైర్యం వస్తుంది. చప్పట్లు విని లక్ష్యాన్ని పెంచుకుంటూ పోయేవాడు చప్పట్లు ఆగగానే దారి తప్పుతాడు. పోటీ పరీక్షకు చదివేవారైనా, కొత్తగా దుకాణం తెరిచినవారైనా ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే: ఈ ఏడాది నిలబడటానికి నాకు కనీసం ఎంత కావాలి? ఆ అంకె కాగితం మీద ఉంటే, పక్కవాడి ర్యాంకు, ఎదుటి దుకాణం రద్దీ మనసును అంతగా కుదిపేయవు.

నాలుగో స్థానం యూనియన్‌ను యూరప్ అగ్ర క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌కు చేర్చింది. 2023 సెప్టెంబరులో మాడ్రిడ్‌లో రియల్ మాడ్రిడ్ జట్టును 90 నిమిషాలూ నిలువరించి, ఇంజరీ టైమ్‌లో బెల్లింగ్‌హామ్ గోల్‌తో ఓడింది. పోర్చుగల్ జట్టు బ్రాగాపై 2-0 ఆధిక్యంలో ఉండి, మళ్లీ చివరి క్షణాల్లోనే 2-3తో కోల్పోయింది. అన్ని పోటీల్లో కలిపి వరుసగా 12 ఓటములు. అయినా క్లబ్ తొందరపడలేదు. ఐదేళ్లు కలిసి కష్టపడినవాళ్ల మధ్య పుట్టిన నమ్మకం అన్ని వారాలూ నిలిచింది. చివరికి నవంబరులో ఇరుపక్షాలూ మాట్లాడుకుని విడిపోయాయి.

బాసెల్‌లో గెలిచి బయటికి వచ్చారు, బెర్లిన్‌లో ఓడి బయటికి వచ్చారు. రెండుసార్లూ ఫిషర్ కాస్త ఆగి, తన పని అవసరమైన చోటు కోసం చూశారు. 2025 డిసెంబరులో మళ్లీ బుండెస్‌లిగాకు వచ్చారు. ఈసారి చేపట్టింది అప్పటికి పట్టికలో అట్టడుగున ఉన్న మైన్జ్ జట్టును.