కొండయేటి పల్లె

మన తెలుగునాట వాన మిక్కిలి తక్కువగా కురియు సీమ అనంతపురము. అచట ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము పడును. ఆ వానతో పైరు పండించుటకు రైతు ఎన్ని పాట్లు పడునో మనమెరుగుదుము. హిమాలయములకు ఆవల లడాఖ్ అను ప్రదేశము కలదు. లేహ్ పట్టణ ప్రాంతమున ఏడాది మొత్తమునకు వానయు మంచును కలిపినను సుమారు 100 మిల్లీమీటర్లే. అనంతపురమున పడు వానలో ఇది అయిదవ పాలైనను కాదు. ఐనను ఆ సీమ జనులు వందల యేండ్లుగా యవలు పండించుకొని జీవించుచున్నారు. వారు నమ్మినది మేఘమును కాదు, కొండయేటిని.

లడాఖ్ 2019 అక్టోబరు 31 నుండి కేంద్రపాలిత ప్రాంతముగా నున్నది. లేహ్ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున గలదు. నైరృతి ఋతుపవనములు కొనివచ్చు నీరు హిమాలయముల దక్షిణపు వాలుననే కురిసిపోవుటచే ఆవలకు చేరునది స్వల్పము. అందుచే ఎటు చూచినను బూడిదరంగు కొండలు, రాళ్లు, ఇసుక. ఆ దారిని పోవు బాటసారికి ఒక మలుపునొద్ద తటాలున పచ్చని చేలును, బారులు తీరిన పోప్లార్ చెట్లును, సున్నము కొట్టిన ఇండ్లును కనబడును. అచట ఏరున్నదని వేరుగ చెప్పనక్కరలేదు. కాలువ నీరు పారినంత మేర పచ్చదనము. కాలువకు ఒక్క అడుగు ఎగువన మరల రాళ్లే. గీత గీచినట్లుండును.

పల్లెకు ఎగువన, అయిదువేల మీటర్లకు మించిన శిఖరములయందు హిమానీనదము లున్నవి. ఎండకు వాని అంచులు కరగి ఏరు పుట్టును. ఈ ఏరు దినమంతయు ఒకే తీరున పారదు. ప్రొద్దుట సన్నని ధారగా నుండును. మధ్యాహ్నపుటెండకు కరగిన నీరు కొండ దిగి వచ్చునప్పటికి సాయంకాలమగును. అప్పుడు ఏరు బలిసి, బురదరంగు దాల్చి, గులకరాళ్లను దొర్లించుచు వచ్చును. ఆ వేళకు సేద్యము ముగించి రైతు ఇల్లు చేరును గదా! అందుచే రాత్రి వచ్చు నీటిని నిలుపుటకు ఊరి ఎగువన కుంటలు త్రవ్వుకొనిరి. వానిని వారు ‘జింగ్’ అందురు. రాత్రి నిండిన కుంటను ప్రొద్దుట తీసి ‘యుర’ అను కాలువల ద్వారా చేలకు పారింతురు. మడికి నీరు కట్టు పద్ధతి మనకు తెలిసినదే: పారతో ఒక గడ్డిపెళ్లను పెరికినచో నీరు పారును, దానినే మరల అడ్డము పెట్టినచో ఆగును.

ఆ యేరు పైరునకే కాదు, సమస్తమునకును ఆధారము. దాని వడికి తిరుగు తిరగళ్లు వేయించిన యవలను పిండి చేయును. మన పేలపిండి వంటి ఆ పిండిని వారు వెన్న కలిపిన తేనీటితో తిందురు. కాలువ గట్టున పెరిగిన పోప్లార్ మ్రాను ఇంటికి దూలమగును. విల్లో కొమ్మలు కప్పునకు పనికివచ్చును. నీటియందు ‘లూ’ అను దేవతలు వసింతురని వారి విశ్వాసము. మన నాగదేవతల వంటివారని చెప్పవచ్చును. త్రాగునీటి పాయలో బట్టలు ఉదుకుట పూర్వము నిషిద్ధము. ఉదుకుటకు వేరొక పాయ ఉండెడిది. నమ్మకము సంగతి యెట్లున్నను, దిగువ ఇంటివారికి శుభ్రమైన నీరు దక్కెడిదనుట నిజము.

ఇక నీటిని పంచుట. ఇదియే ఆ పల్లెలలో అన్నిటికన్న కష్టమైన పని. ‘చూ’ యనగా నీరు, ‘పోన్’ యనగా అధిపతి. ‘చుర్పోన్’ అను నీటి పెద్దను గ్రామస్థులు నియమించుకొందురు. మన చెరువు తూములను తీయుచు మూయుచు నుండు నీరటికాని వంటివాడే యితడు. పలు గ్రామములలో ఈ పని ఏటేట ఇల్లిల్లు తిరుగును. నిరుడు వంతు వేసినవాడు ఈయేడు వంతుకై కనిపెట్టుకొని యుండవలెను. అన్యాయము చేయుట కెవరు సాహసింతురు? దొంగచాటుగా గడ్డిపెళ్ల తొలగించినవానికి జరిమానా తప్పదు.

ఇంత కట్టుదిట్టముగా పంచుకొన్నను తీరని చిక్కు ఒకటి కలదు. అది కాలమునకు సంబంధించినది. ఏప్రిల్, మే నెలలలో విత్తనము చల్లవలెను. అప్పుడే నీరు కావలెను. కాని పైనున్న మంచు బాగుగా కరగుట జూన్ నెలలోగాని మొదలిడదు. ఆలస్యముగా విత్తినచో, వెన్ను ముదురకమునుపే శరత్కాలపు చలి పైరును కాల్చివేయును. ఏడాదికి ఒక్కటే పంట. అది పోయినచో రెండవది లేదు. పూర్వము పల్లెకు దగ్గరి వాలులపై పడిన మంచు వసంతారంభముననే కరగి ఈ కొరతను కొంత తీర్చెడిది. ఇప్పుడా మంచు తగ్గినదని వృద్ధులు చెప్పుదురు. హిమానీనదములు వెనుకకు జరుగుచున్నవని శాస్త్రజ్ఞుల కొలతలును తెలుపుచున్నవి.

జంస్కార్ లోయలోని కుమిక్ అను గ్రామమున ఈ కష్టము హద్దు మీరినది. అది ఆ లోయలోని మిక్కిలి పాత ఊళ్లలో ఒకటి. దాని యేరు ఏటికేడు చిక్కిపోగా, 2000 ప్రాంతమున గ్రామస్థులు సమావేశమై ఊరు విడిచి దిగువ బయలునకు పోవ నిశ్చయించిరి. అచటికి పెద్దనది నుండి నీరు తెచ్చుటకు కాలువ త్రవ్వవలసి వచ్చినది. తాతలనాటి ఇంటి గోడలను విడిచి, రాతి నేలపై క్రొత్తగా పునాది త్రవ్వుకొనుట యెట్టిదో ఊహించుకొనవలెను.

చెవాంగ్ నోర్ఫెల్ అను ఇంజనీరు ఈ చిక్కునకు ఒక ఉపాయము కనిపెట్టెను. ఒక చలికాలమున ఆయన తన పెరటిలో పారు సన్నని కాలువను చూచెను. ఇతర చోట్ల పారుచున్న నీరు, పోప్లార్ చెట్ల నీడలో వడి తగ్గిన చోట మాత్రము గడ్డకట్టియుండెను. శీతకాలమున సేద్యము లేదు. ఏటి నీరు వృథాగా సింధునదిలో కలియుచుండెను. ఆ నీటిని నీడగల వాలునకు మళ్లించి, రాతికట్టలతో వడి తగ్గించినచో పొరలు పొరలుగా గడ్డకట్టునని ఆయన తలచెను. 1987లో ఫుక్‌త్సే గ్రామమున దానిని చేసి చూపెను. ఈ హిమరాశి అసలు హిమానీనదముకంటె దిగువన, పల్లెకు దగ్గరగా నుండుటచే ముందుగా కరగును. విత్తు వేళకు నీరందును. 2015లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చి సత్కరించెను. ఆయన చేసినది రాళ్లు పేర్చి, నీటిని నెమ్మదింపజేయుటయే. ఇంతకంటె తక్కువ సామగ్రితో చేసిన గొప్ప పని అరుదు.

పిమ్మట సోనమ్ వాంగ్‌చుక్ అను మరియొక ఇంజనీరు నీడ దొరకని చోట ఏమి చేయవలెనని ఆలోచించెను. ఎగువనుండి గొట్టము ద్వారా నీటిని పల్లెకు తెచ్చి, దాని కొనను నిలువుగా నిలిపినచో ఎత్తునుండి దిగిన వత్తిడికి నీరు పైకి చిమ్మును. రాత్రి చలికి ఆ తుంపురులు గడ్డకట్టి శంఖువు ఆకారమున పెరుగును. పరిమాణమును బట్టి చూడగా శంఖువునకు ఎండ తగులు భాగము తక్కువ. అందుచే నిదానముగా కరగును. బౌద్ధస్తూపమును పోలియుండుటచే దానికి ‘మంచు స్తూపము’ అను పేరు వచ్చినది. లేహ్ సమీపమున ఫియాంగ్ గ్రామమున పెద్ద స్తూపమును నిలిపి, 2015 వసంతమున దాని నీటితో గ్రామస్థులు నాటిన మొక్కలను తడిపిరి.

కాని ఈ ఉపాయములు క్రొత్త నీటిని పుట్టింపలేవు; ఉన్న నీటిని ఆపి, కావలసిన నెలకు అందించును, అంతియే. కట్టలను ఏటేట సవరింపవలెను. గొట్టములలో నీరు గడ్డకట్టకుండ చలిరాత్రులందు కాచుకొని యుండవలెను. పడుచువారు పలువురు లేహ్ పట్టణమున కొలువులలో నుండగా ఊర పారపట్టు చేతులు తగ్గినవి. మరియొక చిక్కును వచ్చినది. ఎగువ ఊరు చలికాలపు నీటిని గడ్డకట్టించుకొన్నచో దిగువ ఊరివారు తమ పాలేదని అడుగుచున్నారు. పూర్వులు ఏర్పరచిన వంతులు పైరు కాలపు నీటికి మాత్రమే. చలికాలమున పారు నీరు ఎవరికిని అక్కరలేనిదిగా నుండెడిది; దానికి వంతు వేయవలసివచ్చునని వారెవరును తలపలేదు.