వానల దీవిలో చూడవలసినది

అండమాను దీవుల ముఖ్యపట్టణమైన పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చారు. నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ దానిని తడుపుతాయి; ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం. కొండవాలులన్నీ కొబ్బరి, పోక తోటలతో నిత్యం పచ్చగా ఉంటాయి.

యాత్రికులు మొదట చూసేది సెల్యులార్ జైలు. 1896లో ఆరంభమై 1906లో పూర్తయిన ఆ కట్టడపు ఏడు బారులలో నేడు మూడే మిగిలాయి. 1857 తిరుగుబాటు ఖైదీలు ఆ గదులలోనే మ్రగ్గారని మనలో చాలమంది తలుస్తారు. మేమూ అట్లే తలచినవారమే. అది పొరపాటు. వారు 1858 మార్చి నుండే అక్కడికి చేరారు. అప్పటికి ఆ జైలు లేదు. అడవి, కడలి, వాన, ఇవే కారాగారం. ఎడతెగని జల్లులో చెట్లు నరికి, బురదలో దారులు వేస్తూ ఎందరో జ్వరాలపాలై నేలకొరిగారు.

1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీపై తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడి నడిపిన మౌల్వీ అలావుద్దీన్ ఈ దీవులకే పంపబడి, ఇక్కడే కన్నుమూశారు. గాలిబ్ మిత్రుడు, తర్కశాస్త్ర పండితుడు ఫజ్లే హక్ ఖైరాబాదీ చెరలోనే ఆ తిరుగుబాటు వృత్తాంతాన్ని అరబ్బీలో రచించి, 1861లో ఇక్కడే మరణించారు. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు చదివే విద్యార్థులు ఈ రెండు పేర్లనూ ఎరిగి వెళ్లాలని మా కోరిక.

జైలు చూసి ఆగిపోక, పడవ మీద రాస్ దీవికి పోవాలి. 2018 నుండి అది నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. ఖైదీలు అడవి కొట్టి చదును చేసిన ఆ నేలపై ఆంగ్లాధికారులు కట్టించుకొన్న భవనాలను ఇప్పుడు మర్రిజాతి వేళ్లు చుట్టుకొన్నాయి. పైకప్పులు కూలిపోయాయి. గొడుగు తప్పక వెంట ఉండాలి.