జాతర రాత్రికి చవక లెన్స్

ప్రశ్న: నాది కెనాన్ ఎం50. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరను ఫ్లాష్ లేకుండా రాత్రిపూట తీయాలి. చవకలో ఏ మాన్యువల్ లెన్స్ కొనమంటారు? - ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: టీటీఆర్టిజన్ 35 ఎం.ఎం. ఎఫ్/1.4 తీసుకోండి. మీ మౌంటుకు సరిపోయే రకం అడగండి. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.4 దగ్గర 16 రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది.

అసలు కష్టం ఫోకస్‌తోనే. రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని ఎఫ్/1.4లో తీస్తే స్పష్టంగా కనబడే లోతు జానెడు కూడా ఉండదు. కన్ను బాగుంటే చెవి మసకబారుతుంది. అందుకని జనం వెంట రింగు తిప్పుకుంటూ తిరగకండి. దీపాలున్న చోట ముందే ఫోకస్ కట్టి, మనుషులు అక్కడికి వచ్చేదాకా ఆగండి. ఎఫ్/2కి దించితే ఇంకాస్త నిబ్బరం. ఫోకస్ పీకింగ్ ఆన్ చేసి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూసుకోండి.

పాత హెలియోస్ 44-2 కూడా మంచిదే, అడాప్టర్ కావాలి. కొనేముందు టార్చి వేసి లోపల సాలెగూడులాంటి ఫంగస్ ఉందేమో చూడండి. మన కొల్లేటి తేమకు అది త్వరగా పడుతుంది.

లెన్స్ బిగించాక షటర్ పడకపోతే కంగారుపడకండి. మెనూలో ‘లెన్స్ లేకుండా షటర్’ అనే సెట్టింగ్ ఆన్ చేయండి.