ముట్టుకోకుండా వెతికే పోలీసులు

బెలుం గుహల్లో నీటిబొట్లతో పెరిగే రాళ్ళను ముట్టుకోవద్దని గైడు చెప్పాడు. చేతి జిడ్డు అంటితే పెరగవంట. కంప్యూటర్ నేరాల పోలీసులదీ ఇదే పద్ధతని మా సారు చెప్పారు.

దొరికిన ఫోన్‌ను తెరిచి చూస్తే లోపల కొన్ని మారిపోతాయి. అందుకే ముందు సిగ్నల్ అందని సంచిలో పెడతారు. తర్వాత నకలు తీసి, ఆ నకలునే పరీక్షిస్తారు. దానికి 'హ్యాష్' అనే పొడవాటి ముద్ర లెక్కగడతారు. ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది! 2024 జూలై 1న వచ్చిన కొత్త సాక్ష్య చట్టం ప్రకారం కోర్టుకిచ్చే పత్రంలో అది రాయాలి.

మా అమ్మ ఖాతాలో డబ్బు పోయింది. ఓటీపీ చదివి చెప్పింది నేనే. భయమేసి మెసేజ్‌లన్నీ తుడిచేశాను. వెంటనే 1930కి ఫోన్ చేయాల్సిందట. తుడిచినవి ఒక్కోసారి మళ్ళీ దొరుకుతాయంట. ఈ పని నేర్చుకోవాలని ఉంది నాకు. ఆ ఫోన్ అమ్మ ఇంకా దాచే ఉంచింది.