మందపు కళ్లద్దాల వెనుక పలుచబడే నేత్రపటలం

ఆత్మకూరులోని నా వైద్యశాలకు ఉదయగిరి నుండి ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చారు. ఆ అమ్మాయి కొయ్యచెంచాలు చెక్కే పనిలో నేర్పరి. కళ్లద్దాల పవరు మైనస్ తొమ్మిది. "పెళ్లిసంబంధాలు చూస్తున్నాం అయ్యగారూ, అద్దాలు లేకుండా పోయేట్టు కంట్లో ఏదైనా పసరు వేయండి" అని ఆయన కోరిక.

మాటల మధ్యలో ఆ అమ్మాయి అసలు సంగతి చెప్పింది. మూడు రోజులుగా కుడికంటి ముందు దోమలు ఆడుతున్నట్లున్నదట. చీకటిలో మెరుపులు కూడా కనబడుతున్నవట. నేను పసరు వేయలేదు. ఆ మధ్యాహ్నం బస్సుకే నెల్లూరుకు, కంటి ఆసుపత్రికి పంపించాను.

ఆ తొందరకు కారణమున్నది. ముప్పై ఏండ్ల క్రితం ఇవే లక్షణాలతో వచ్చిన ఒక ఉపాధ్యాయునికి తిమిర రోగమని నిర్ణయించి త్రిఫలా ఘృతం ఇచ్చాను. మండలం పూర్తి కాకముందే ఆ కంటికి ఒక ప్రక్కనుండి నల్లని తెర దిగింది. పోయిన చూపు మరల రాలేదు. ఆ దోషం నాదే.

ఈగలు, దోమలు, వెంట్రుకలు, సాలెగూళ్లు ఉన్నట్లు తోచటాన్ని సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో తిమిర లక్షణాలలో చెప్పాడు. గురుకులంలో మేము దానిని కంఠస్థం చేశాము. కాని లోపలి పొర చిరిగినదో లేదో చూచే సాధనం ఆనాడు లేదు, నేడున్నది.

దూరపు వస్తువులు ఆనకపోవటమే హ్రస్వదృష్టి. పవరు మైనస్ ఆరు దాటితే తీవ్రమైనదంటారు. పెద్దల కనుగ్రుడ్డు సాధారణంగా 23, 24 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది; వీరిలో తరచు 26 దాటుతుంది. గ్రుడ్డు సాగినకొద్దీ లోపలి నేత్రపటలం పలుచబడుతుంది. బొబ్బట్టు పిండిని పలుచగా ఒత్తే ఇల్లాలికి ఇది వేరే చెప్పనక్కరలేదు, ఎక్కువగా సాగినచోటే చీలుతుంది. ఆ చీలికలోకి ద్రవం దిగితే పటలం ఊడివస్తుంది. నీటికాసులు, చిన్న వయసులోనే శుక్లం, చూపు నడిమి భాగం చెడటం కూడా వీరికి ఎక్కువే. లేజరు చికిత్సతో అద్దాలు పోవచ్చును గాని, సాగిన గ్రుడ్డు పొట్టి కాదు. త్రిఫల కషాయంతోనూ కాదు.

కనుక మెరుపులు, ఉన్నట్టుండి పెరిగిన నల్లచుక్కలు, తెర దిగినట్లుండటం, ఇవి కనబడిన నాడే ఆసుపత్రికి పోవాలి. నొప్పి ఉండదు, జనం మోసపోయేది అక్కడే. ఏ బాధా లేకపోయినా ఏడాదికొకసారి చుక్కలమందు వేయించుకొని లోపలి పటలాన్ని చూపించుకోవాలి. అప్పుడప్పుడు ఒక్కొక్క కన్నే మూసి గుమ్మాన్ని చూడండి. నిలువు గీత వంకరగా కనబడితే జాగుచేయవద్దు. తేనె, ఆకుపసరు, ఆముదం ఇంట్లో తీసి కంట్లో పోయవద్దు.

ఆ అమ్మాయికి చీలిక చుట్టూ లేజరుతో అతికించారు, చూపు నిలిచింది. అద్దాలు అట్లే ఉన్నవి. తొమ్మిదేండ్ల తమ్ముడున్నాడని తెలిసి, వాడినీ చూపించమన్నాను. ఈ లోపం కుటుంబాలలో వస్తుంది. రోజూ రెండు గంటలు ఆరుబయట ఆడుకొనే పిల్లలలో ఇది తక్కువగా మొదలవుతుందని నేటి పరిశోధనలు చెబుతున్నవి. పలకలోని కోతిబొమ్మల లెక్కలు సాయంత్రం చేయించుకోవచ్చును, ముందు వాడిని వీధిలోకి వదలమన్నాను.